లీనియర్ స్విచ్‌ల ఎంపిక: డబ్బా మీది గ్రాముల అంకె చెప్పేదెంత, చెప్పనిదెంత

సంక్షిప్తంగా: మెకానికల్ కీబోర్డుల లీనియర్ స్విచ్‌లను (నొక్కేటప్పుడు మధ్యలో తట్టు తగలనివాటిని) చాలామంది రంగును బట్టి, డబ్బా మీద ముద్రించిన గ్రాముల అంకెను బట్టి ఎంచుకుంటున్నారు. రంగుకు ప్రమాణమేమీ లేదు. గ్రాముల అంకె కీ ప్రయాణంలో ఒక్క బిందువు దగ్గరి బలాన్నే తెలుపుతుంది. వేలికి తెలిసేది మొదట్లో ఎదురయ్యే బలం, అడుగున తగిలే బలం, ప్రయాణ దూరం, రాపిడి. శబ్దంలో స్విచ్ వాటా కొంతే. తక్కినది కీబోర్డు నిర్మాణానిది. తెలుగు టైపింగులో, ముఖ్యంగా ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక కీబోర్డు అమరికలో, మరీ తేలికైన స్విచ్‌లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది.

లోపల జరిగేది

మెకానికల్ కీబోర్డులో ప్రతి మీట కిందా విడిగా ఒక స్విచ్ ఉంటుంది. పైపెట్టె, అడుగుపెట్టె, వాటి నడుమ కిందికీ పైకీ జారే కాడ, కాడను పైకి నెట్టే స్ప్రింగు, పక్కన రెండు లోహపు రేకులు దాని భాగాలు. కాడకు ఒక పక్కనున్న కాళ్లు పైస్థితిలో ఒక రేకును వెనక్కి నెట్టి ఉంచుతాయి. మీట నొక్కినప్పుడు ఆ కాళ్లు దిగిపోతాయి, రేకు ముందుకు వచ్చి రెండో రేకును తాకుతుంది, కీబోర్డు లోపలి చిప్‌కు సంకేతం చేరుతుంది.

కాళ్ల ఆకారమే స్విచ్ జాతిని నిర్ణయిస్తుంది. వాటి మీద చిన్న గుబ్బ ఉంటే నొక్కేటప్పుడు మధ్యలో ఒక తట్టు తగులుతుంది, అది ట్యాక్టైల్. తట్టుతో పాటు టిక్కుమనే శబ్దం కోసం అదనపు భాగం ఉంటే అది క్లిక్కీ. కాళ్లు గుబ్బ లేకుండా నున్నగా వాలి ఉంటే మొదటి నుంచి చివరి దాకా తట్టు లేకుండా దిగుతుంది, అది లీనియర్. ఇందులో వేలికి ఎదురయ్యే బలం దాదాపు పూర్తిగా స్ప్రింగుదే. అందువల్ల లీనియర్ స్విచ్‌ల మధ్య తేడా తెలియాలంటే ముందు స్ప్రింగును అర్థం చేసుకోవాలి, ఆ తరువాత రాపిడిని. గుబ్బ లేకపోవడం వల్ల ఇంకో పర్యవసానం కూడా ఉంది: ట్యాక్టైల్ స్విచ్‌లో కప్పిపోయే చిన్న గరుకుదనం లీనియర్‌లో నేరుగా వేలికి తెలిసిపోతుంది. నునుపు గురించిన చర్చంతా లీనియర్‌ల చుట్టూనే తిరగడానికి కారణం ఇదే.

రంగులు ఎక్కడి నుంచి వచ్చాయి

అమెరికాలో 1953లో మొదలై తరువాత జర్మనీలో స్థిరపడిన చెర్రీ సంస్థ 1980ల మొదట్లో ఎంఎక్స్ శ్రేణి స్విచ్‌లను రూపొందించింది. కాడ రంగును బట్టి రకాన్ని గుర్తించే పద్ధతి ఆ సంస్థది. నల్లది 60 సెంటీన్యూటన్ల లీనియర్. దానికంటే తేలికగా 45 సెంటీన్యూటన్ల ఎరుపు రకం చాలా కాలం తరువాత, 2008లో వచ్చింది. ఒక సెంటీన్యూటన్ అంటే ఇంచుమించు ఒక గ్రాము బరువు కలిగించే బలం. అంగళ్లలో రెండింటినీ కలిపి గ్రాములనే అంటున్నారు, ఎంపిక వరకు దానివల్ల వచ్చే నష్టం లేదు.

ఎంఎక్స్ నిర్మాణం మీద చెర్రీకి ఉన్న పేటెంట్ల గడువు 2010ల మధ్యలో తీరిపోవడంతో చైనాలోని గేటరాన్, కైల్, టీటీసీ, అవుటెము, జేడబ్ల్యూకే వంటి తయారీదారులు అదే కొలతల్లో స్విచ్‌లు పెద్దయెత్తున తీసుకువచ్చారు. వాటి మీద పెట్టే కీక్యాప్‌లు (మీటల పై తొడుగులు) ఒకటే, అడుగున సర్క్యూట్ బోర్డులో దిగే కాళ్ల అమరిక ఒకటే. రంగుల అర్థం మాత్రం ఒకటి కాలేదు. గేటరాన్ పసుపు రంగు స్విచ్ సుమారు 50 గ్రాముల బలంతో 2 మిల్లీమీటర్ల దగ్గర పని చేస్తుంది. రేజర్ సంస్థ పసుపు రంగు స్విచ్ 45 గ్రాములతో 1.2 మిల్లీమీటర్ల దగ్గరే పని చేస్తుంది. రెండూ లీనియర్‌లే అయినా చేతికి ఒకే వస్తువులా అనిపించవు. కైల్ సంస్థ స్పీడ్ శ్రేణిలో వెండి రంగుది లీనియర్ కాగా, రాగి రంగుది ట్యాక్టైల్, కంచు రంగుది క్లిక్కీ. కాబట్టి స్పీడ్ అనే మాట కనిపించగానే లీనియర్ అనుకోవడం కూడా పొరపాటే. ఇప్పుడు కొత్త స్విచ్‌లకు పండ్ల పేర్లు, పూల పేర్లు, మిఠాయిల పేర్లు పెడుతున్నారు. వాటిలో సమాచారం అసలే ఉండదు.

45 అనే అంకె ఏ చోటిది?

ఎంపికలో అతి ముఖ్యమైన విషయం ఇక్కడే ఉంది. డబ్బా మీది 45 అనే అంకె సాధారణంగా రేకులు తాకే చోట ఉన్న బలం. ఆ చోటు పైనుంచి 2 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. కాని టైపు చేసేవారిలో అత్యధికులు అక్కడ ఆగరు, ఆగలేరు కూడా. లీనియర్‌లో ఆ చోటు వచ్చిందని చెప్పే తట్టు లేదు గనుక వేలు 4 మిల్లీమీటర్ల అడుగు దాకా పోతుంది. అక్కడ తగిలే బలం వేరు.

స్ప్రింగును ఎంత నొక్కితే అంత నిష్పత్తిలో బలం పెరుగుతుందన్న హుక్ సూత్రం ఇక్కడ నేరుగా పనికి వస్తుంది. చెర్రీ ఎరుపులో మొదట్లో సుమారు 30 సెంటీన్యూటన్లు, 2 మిల్లీమీటర్ల దగ్గర 45, అడుగున సుమారు 60 ఉంటాయి. అంటే ప్రతి మిల్లీమీటరుకు ఏడున్నర చొప్పున పెరుగుతోంది. నలుపులో ఇవే అంకెలు సుమారు 40, 60, 80. ఒక మీటను పూర్తిగా నొక్కడానికి అయ్యే పనిని లెక్కవేస్తే, సగటు బలాన్ని దూరంతో గుణించాలి కనుక, ఎరుపుకు 1.8 మిల్లీజౌళ్లు, నలుపుకు 2.4 మిల్లీజౌళ్లు వస్తాయి. నలుపులో ప్రతి మీటకూ మూడో వంతు శ్రమ ఎక్కువ. ఒక్క మీటలో ఇది తెలియదు. రోజంతా కోడ్ రాసేవారికి, వార్తలు కంపోజ్ చేసేవారికి సాయంత్రానికి తెలుస్తుంది.

ఇదే 45 దగ్గర కలిసి, ముందూ వెనుకా వేరుగా నడిచే స్ప్రింగులూ ఉన్నాయి. మామూలు స్ప్రింగు కంటే పొడవైనదాన్ని అదే పెట్టెలో ఇమిడిస్తే అది మొదటి నుంచే ఎక్కువగా నొక్కుడుపడి ఉంటుంది. అందువల్ల ఆరంభ బలం ఎక్కువ, ఆ తరువాత పెరుగుదల తక్కువ. ఇలాంటి స్విచ్‌లో మీట చురుగ్గా పైకి లేస్తుంది, వేలు ఆనించి ఉంచినా పొరపాటున దిగదు, అడుగున పెద్ద బరువూ అనిపించదు. దీనికి భిన్నంగా చుట్ల మధ్య ఎడం మారుతూ పోయే స్ప్రింగులో మొదట తేలికగా ఉండి చివరికి వచ్చేసరికి బలం వేగంగా పెరుగుతుంది. అడుగుకు గట్టిగా కొట్టే అలవాటును అది కొంత ఆపుతుంది. ఈ మూడు రకాల స్విచ్‌లకూ డబ్బా మీద 45 అనే ముద్రించవచ్చు, అందులో అబద్ధం లేదు.

మరో తికమక ఏమిటంటే కొందరు తయారీదారులు రేకులు తాకే చోటి బలాన్ని ప్రకటిస్తే, మరికొందరు అడుగున ఉండే బలాన్ని ప్రకటిస్తున్నారు. 62 గ్రాములు, 67 గ్రాములు అంటూ అమ్ముడయ్యే స్విచ్‌లలో చాలావాటికి ఆ అంకె అడుగుదే. అంటే 62 గ్రాములని రాసి ఉన్నది, 45 అని రాసి ఉన్న చెర్రీ ఎరుపుకు దగ్గరి బంధువు కావచ్చు. 60 అని రాసి ఉన్న చెర్రీ నలుపు కంటే ఎంతో తేలిక కావచ్చు. పైగా తయారీ పత్రాలలో ఈ అంకె పక్కనే 10, 15 గ్రాముల అటూ ఇటూ తేడాకు అవకాశం రాసి ఉంటుంది. రెండు స్విచ్‌ల మధ్య 3 గ్రాముల తేడాను చూసి నిర్ణయం తీసుకోవడంలో అర్థం లేదు. వీలైతే అంకెకు బదులు బల రేఖాచిత్రాన్ని చూడాలి. దూరం ఒక పక్క, బలం ఒక పక్క గీసిన ఆ గీత మొదలయ్యే చోటు, ముగిసే చోటు చూస్తే సగం ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది.

పొట్టి ప్రయాణం నిజంగా వేగమేనా

చెర్రీ 2016లో తెచ్చిన స్పీడ్ సిల్వర్ 1.2 మిల్లీమీటర్ల దగ్గరే పని చేస్తుంది, మొత్తం ప్రయాణం 3.4 మిల్లీమీటర్లు. ఎరుపు కంటే 0.8 మిల్లీమీటర్ల ముందే సంకేతం వెళుతుంది. వేలు సెకనుకు 0.4 మీటర్ల వేగంతో దిగుతుందనుకుంటే ఆదా అయ్యే సమయం 2 మిల్లీసెకన్లు. నాలుగో వంతు వేగంతో దిగితే 8 మిల్లీసెకన్లు. సెకనుకు 60 సార్లు మారే తెర మీద ఒక్కో దృశ్యం దాదాపు 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, అంటే ఆదా అయ్యేది అందులో సగం కూడా కాదు.

ఇంకొక సంగతి లెక్కలోకి రావాలి. రెండు లోహపు రేకులు తాకినప్పుడు అవి వెంటనే నిలకడగా ఉండవు. కొద్దిసేపు కంపించి కలుస్తూ విడిపోతూ ఉంటాయి. ఆ కంపనం వల్ల ఒక అక్షరం రెండుసార్లు పడకుండా కీబోర్డు సాఫ్ట్‌వేర్ కొంత సమయం వేచిచూస్తుంది. ఎక్కువగా వాడుకలో ఉన్న క్యూఎంకే సాఫ్ట్‌వేర్‌లో ఆ వ్యవధి మార్చకుండా ఉంచితే 5 మిల్లీసెకన్లు. వేలు వేగంగా దిగినప్పుడు పొట్టి ప్రయాణం మిగిల్చే సమయం కంటే ఇదే ఎక్కువ. టైపింగులో పొట్టి ప్రయాణం తెచ్చే లాభం చాలా చిన్నది, పొరపాటున మీటలు పడే ప్రమాదం మాత్రం పెద్దది. ఆటలు ప్రధానం కానివారు దీని కోసం అదనంగా చెల్లించనక్కరలేదు.

నునుపు: పదార్థం, కొలత, గ్రీజు

లీనియర్‌లలో ధర తేడాకు ఎక్కువ కారణం నునుపు. కాడ సాధారణంగా పీఓఎం అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. దానికి సహజంగానే రాపిడి తక్కువ. పెట్టెలకు నైలాన్, పాలీకార్బొనేట్, లేదా పీఓఎం వాడతారు. పదార్థం కంటే అచ్చుల నాణ్యత ముఖ్యం: కాడకూ అది జారే పట్టాలకూ మధ్య ఖాళీ ఎక్కువైతే మీట అటూ ఇటూ ఊగుతుంది, తక్కువైతే ఒరుసుకుంటుంది. చాలా కాలం చెర్రీ స్విచ్‌ల మీద ఉన్న ఫిర్యాదు ఈ గరుకుదనమే. గేటరాన్ వంటి సంస్థలు తక్కువ ధరకే మరింత నున్నని స్విచ్‌లు ఇవ్వడంతో మార్కెట్టు వారివైపు మళ్లింది. చెర్రీ 2023లో ఎంఎక్స్2ఏ పేరుతో కర్మాగారంలోనే గ్రీజు పూసి, స్ప్రింగు ఆకారం మార్చి కొత్త తరం స్విచ్‌లు విడుదల చేయడానికి ఆ పోటీయే నేపథ్యం.

స్విచ్‌ను విప్పి, సన్నని కుంచెతో పట్టాలకూ కాడకూ స్ప్రింగుకూ గ్రీజు పూయడం కొన్నేళ్లుగా అభిరుచిపరులలో పాతుకున్న పని. క్రైటాక్స్ 205 గ్రేడ్ 0 అందరూ వాడే గ్రీజు. ఒక్కో స్విచ్‌కు ఒకటి రెండు నిమిషాలు పట్టే ఈ పని 87 మీటల కీబోర్డుకు ఒక పూట తింటుంది. ఎక్కువ పూస్తే మీట బద్ధకంగా లేస్తుంది, రేకుల మధ్య చేరితే స్విచ్ సరిగా పనిచేయదు. ఇప్పుడు మధ్యస్థ ధరలో వచ్చే లీనియర్‌లలో చాలావరకు కర్మాగారంలోనే చక్కగా పూసి వస్తున్నాయి. కొత్తగా కొనేవారికి అదే సరైన దారి. చేతితో పూసే శ్రమకు తగిన లాభం పాత, పొడి స్విచ్‌లలోనే మిగిలింది.

శబ్దంలో స్విచ్ వాటా

లీనియర్‌కు సొంత క్లిక్కు లేదు. వినిపించేది కాడ అడుగును తాకినప్పుడు, తిరిగి పైకి లేచి పైపెట్టెను తాకినప్పుడు వచ్చే రెండు దెబ్బలు. నైలాన్ పెట్టెలు ఆ దెబ్బను కొంత మందంగా, పాలీకార్బొనేట్ పెట్టెలు కొంత పదునుగా వినిపిస్తాయి. ఈ మధ్య ప్రచారంలోకి వచ్చిన పొడవు కాడ స్విచ్‌లలో, కాడ మధ్యలోని పొడుగాటి మొన ముందుగా అడుగును తాకుతుంది. ప్రయాణం 3.4, 3.5 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది, శబ్దం గట్టిగా టక్కుమంటుంది. వీడియోలలో వినసొంపుగా ఉండే ఆ శబ్దం పక్కబల్ల మీద పని చేసుకునేవారికి అలా ఉండకపోవచ్చు.

వీడియో చూసి స్విచ్ ఎంచుకోవడం నమ్మదగినది కాదు. మృదంగం చర్మం ఒకటే అయినా కట్టెను బట్టి నాదం మారినట్టు, ఒకే స్విచ్ అల్యూమినియం పెట్టెలో ఒక రకంగా, పలుచని ప్లాస్టిక్ పెట్టెలో ఇంకో రకంగా పలుకుతుంది. స్విచ్‌లను పట్టి ఉంచే పలక ఇత్తడిదా పాలీకార్బొనేట్‌దా, లోపల నురుగు పొరలు ఉన్నాయా, కీక్యాప్‌లు పలుచని ఏబీఎస్ ప్లాస్టిక్‌వా దళసరి పీబీటీ ప్లాస్టిక్‌వా అన్నవన్నీ ఆ నాదంలో కలిసి ఉంటాయి.

రాత్రి షిఫ్టులో ఇంటి నుంచి పని చేసేవారికి, ఒకే గదిని పంచుకునే విద్యార్థులకు నిశ్శబ్ద లీనియర్‌లు ఉన్నాయి. కాడకు పైనా కిందా మెత్తని రబ్బరు లాంటి ముక్కలు అతికించి దెబ్బను మింగేస్తారు. చెర్రీ సైలెంట్ రెడ్‌లో అందుకే ప్రయాణం 3.7 మిల్లీమీటర్లకు తగ్గింది. దీనికి చెల్లించే మూల్యం అడుగున తగిలే మెత్తదనం; కొందరికి అది సుఖం, కొందరికి బురదలో కాలు దిగినట్టు అసహనం. చవక రకాలలో ఈ తేడా మరీ ఎక్కువగా తెలుస్తుంది గనుక నిశ్శబ్ద రకం కావాలనుకుంటే ధర దగ్గర పొదుపు చేయకపోవడం మంచిది.

తెలుగు టైపు చేసేవారికి

స్విచ్‌ల గురించిన సలహాలు దాదాపు అన్నీ ఇంగ్లీషు టైపింగును దృష్టిలో పెట్టుకున్నవే. 1991లో భారతీయ ప్రమాణంగా స్థిరపడిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి కింద, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద ఉంటాయి. ఎడమచేతి వేళ్లు విశ్రాంతిగా ఆనే వరుసలో ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి వరుసగా ఉన్నాయి. ఇంగ్లీషులో వేలి బరువుకు ఒక మీట పొరపాటున దిగితే అదనపు అక్షరం విడిగా కనిపిస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో అదే పొరపాటు ముందున్న హల్లుకు అతుక్కుని క ను కో గా, త ను తే గా మార్చేస్తుంది. పొల్లు పడితే తరువాతి హల్లు వత్తుగా కిందికి దిగిపోతుంది. పదం రూపమే మారిపోయాక కన్ను దాన్ని సులువుగా దాటిపోతుంది. ఎడమచేతి వేళ్లను మీటల మీద వాల్చి ఉంచే అలవాటున్నవారు 35 గ్రాముల అతితేలిక స్విచ్‌లకూ, 1.2 మిల్లీమీటర్ల పొట్టి ప్రయాణపు స్విచ్‌లకూ దూరంగా ఉండడం మేలు. ఆరంభ బలం ఎక్కువగా ఉండే పొడవు స్ప్రింగు వీరికి చక్కగా సరిపోతుంది.

మరోవైపు షిఫ్టు మీట ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఖ, ఘ వంటి ఒత్తక్షరాలలో చాలావాటికీ, పదం మొదట్లో వచ్చే అచ్చులకూ షిఫ్టు కావాలి. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే లిప్యంతరీకరణ పద్ధతులలోనూ ట, డ, ణ, ళ వంటివాటికి పెద్ద అక్షరాలు వాడాల్సి వస్తుంది. షిఫ్టును నొక్కి పట్టుకోవాలి, అంటే చిటికెన వేలు మోసేది అడుగున ఉండే బలాన్ని. చెర్రీ నలుపు వంటి స్విచ్‌లో అది 80 వరకు ఉంటుంది. విప్పి మార్చుకోగల కీబోర్డు అయితే రెండు షిఫ్టుల కిందా తేలికైన స్ప్రింగు, స్పేస్ బార్ కింద కాస్త బలమైన స్ప్రింగు పెట్టుకోవచ్చు. స్పేస్ బార్ కీక్యాప్ బరువైనది కనుక మరీ తేలికైన స్ప్రింగు దాన్ని మందకొడిగా లేపుతుంది.

అయస్కాంత స్విచ్‌లు: లీనియర్‌లలో కొత్త శాఖ

ఎడ్విన్ హాల్ 1879లో గుర్తించిన ప్రభావం ఆధారంగా, కాడలోని అయస్కాంతం ఎంత దూరం దిగిందో కింది సెన్సర్ నిరంతరం కొలిచే స్విచ్‌లు ఇప్పుడు ఆటల కీబోర్డులను ఆక్రమిస్తున్నాయి. రేకులు లేవు కనుక కంపనం లేదు, తాకుడు అరుగుదల లేదు. ఎంత లోతున పని చేయాలో సాఫ్ట్‌వేర్‌లో మార్చుకోవచ్చు. నెదర్లాండ్స్‌కు చెందిన వూటింగ్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన రాపిడ్ ట్రిగ్గర్ పద్ధతిలో, వేలు కొద్దిగా పైకి కదలగానే మీట విడిచినట్టు లెక్క. స్థిరమైన బిందువు దాకా లేవనక్కరలేదు. పొట్టి ప్రయాణం ఇవ్వలేకపోయిన వేగాన్ని నిజంగా ఇచ్చింది ఇదే. ఎదురెదురు దిశల మీటలలో చివర నొక్కినదానికే ప్రాధాన్యమిచ్చే సదుపాయాలు దీని తరువాతి అడుగుగా వచ్చాయి. కౌంటర్ స్ట్రైక్ 2 ఆటలో వాటిని 2024 ఆగస్టులో వాల్వ్ సంస్థ నిషేధించింది. రాపిడ్ ట్రిగ్గర్ మీద మాత్రం ఆ నిషేధం లేదు. టైపింగుకే కీబోర్డు కావాలనుకునేవారికి ఇందులో కలిసివచ్చేది తక్కువ: అయస్కాంత స్విచ్ మామూలు కీబోర్డులో పని చేయదు, మామూలు స్విచ్ ఇందులో చాలావరకు పని చేయదు, ఎంపికకు దొరికే రకాలు తక్కువ.

కొనే ముందు

కీబోర్డు సర్క్యూట్ బోర్డుకు స్విచ్‌లు టంకం వేసి ఉన్నాయా, లేక పీకి మార్చుకునే సాకెట్లు ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న. సాకెట్లు ఉంటే ఎంపికలో పొరపాటు దిద్దుకోవచ్చు. అందుకే తొలిసారి కొనేవారికి అవే తగినవి. అడుగున మూడు కాళ్లున్న స్విచ్ ఐదు కాళ్ల సాకెట్లోనూ పడుతుంది. ఐదు కాళ్ల స్విచ్ మూడు కాళ్ల సాకెట్లో పట్టాలంటే అదనపు ప్లాస్టిక్ కాళ్లు రెండింటిని కత్తిరించాలి. ఎత్తు తక్కువ కీబోర్డుల స్విచ్‌ల కొలతలు పూర్తిగా వేరు.

ఒక్క స్విచ్‌ను వేళ్ల మధ్య పట్టుకుని నొక్కి చూడడం వల్ల తెలిసేది తక్కువ. స్విచ్‌లను పదేసి చొప్పున అమ్మేవారు ఉన్నారు కనుక రెండు మూడు రకాలు పదేసి తెచ్చి, మధ్య వరుసలో పెట్టి, రోజువారీ పనిలో ఒక్కో రకాన్నీ కొన్ని రోజులు వాడితేనే తేడా బయటపడుతుంది. మామూలు రాతకు మొదలుపెట్టదగినది అడుగున 60 నుంచి 67 గ్రాముల మధ్య ఉండి, కర్మాగారంలో గ్రీజు పూసిన, పూర్తి ప్రయాణపు లీనియర్. గేటరాన్ పసుపు రకాలు ఈ పరిధిలో తక్కువ ధరకు దొరుకుతాయి. అక్కడి నుంచి పొరపాటు అక్షరాలు ఎక్కువ పడుతుంటే ఆరంభ బలం ఎక్కువున్న స్ప్రింగుకు, వేళ్లు అలసిపోతుంటే అడుగు బలం తక్కువున్నదానికి, ఇంట్లో వారికి శబ్దం ఇబ్బందిగా ఉంటే నిశ్శబ్ద రకానికి మారాలి. స్విచ్‌ను సాకెట్లో గుచ్చేటప్పుడు లోహపు కాళ్లు నిటారుగా ఉన్నాయో లేదో చూసి నొక్కాలి. వంగిన కాలుతో నొక్కితే మీట పలకదు, తప్పు స్విచ్‌దని పొరపడే వీలుంది. వంగిన కాలును సన్నని పట్టకారుతో సరిచేసి మళ్లీ వాడుకోవచ్చు.